ఒకే దీపం - మూడు రంగులు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. నేను కవిని కాదు, పెద్ద ఉద్యోగంలోనూ లేను. కూలి పని చేసుకునే ఇంటి నుంచి వచ్చి, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌లో ఎం.ఎస్సీ. చేశాను. నాకు బాగా తెలిసింది ఒక్కటే. ఇదే హాస్టల్లో తొమ్మిదో తరగతిలో నేను చేసిన ఒక చిన్న దీపం. దాని గురించే రాస్తున్నాను. ఎలా చేయాలో అంతా వివరంగా చెబుతాను. మీలో ఒక్కరు చేసి చూసినా నాకు సంతోషమే.

ఆ దీపం ఎందుకు చేయాల్సి వచ్చిందంటే...

మన హాస్టల్ మేడ మీది నీళ్ళ ట్యాంకు మీ అందరికీ తెలుసు. మా రోజుల్లో మోటారు వేసే ముందు ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూడడానికి ఒకరు ఇనుప నిచ్చెన ఎక్కి మూత తీసి చూసేవాళ్ళం. వారానికి ఒకరికి ఆ డ్యూటీ. 2015 డిసెంబరులో ఒక వారం అది నా వంతు. తెల్లవారుజామున చలి. దుప్పటిలోంచి లేవడానికి బద్ధకించి, పక్క చాప మీద పడుకున్న ఆరో తరగతి పిల్లవాణ్ణి లేపి "ఒరేయ్, ఈ ఒక్క రోజు నువ్వెళ్ళి చూసి రారా" అన్నాను. పెద్దవాళ్ళు చెబితే చిన్నవాళ్ళు కాదనలేరు. వాడు వెళ్ళాడు. నిచ్చెన మంచుకు తడిసి ఉంది. కాలు జారి పడ్డాడు.

కుడి చేతి మణికట్టు విరిగింది. నెలన్నర సిమెంటు కట్టు. అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేకపోయాడు. వాళ్ళ అమ్మ కూలి మానుకుని బస్సెక్కి వచ్చింది. వరండాలో కూర్చుని వాడికి అన్నం కలిపి పెడుతుంటే నేను స్తంభం చాటున నిలబడి చూశాను. డ్యూటీ నాదని ఆమెకు తెలియదు. వాడు చెప్పలేదు.

ఆ తరువాత ఎవరూ నిచ్చెన ఎక్కకూడదని వార్డెన్ గారు ఆర్డరు వేశారు. అయితే నీళ్ళు ఎంత ఉన్నాయో తెలిసేదెలా? ఒక రోజు స్నానాల మధ్యలో నీళ్ళు అయిపోయేవి, ఇంకో రోజు ట్యాంకు నిండి గోడ వెంట పొర్లిపోయేది. అప్పుడు సైన్సు మాస్టారు "పైకి ఎక్కకుండా కిందే తెలిసే ఉపాయం ఆలోచించండిరా, మండల సైన్స్ ఫెయిర్‌కు కూడా పనికొస్తుంది" అన్నారు. నేను చెయ్యెత్తాను. నా తప్పు దిద్దుకోవాలన్నదే అప్పుడు నా ఆలోచన.

మొదటి దీపం కాలిపోయింది

బజారులో టీవీలు బాగుచేసే అన్న దగ్గరకు వెళ్ళి ఒక ఎర్ర ఎల్.ఇ.డి. కొన్నాను. హాస్టల్‌కు రాగానే 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించాను. టప్పున మెరిసి ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. ఆదివారం బజ్జీలకు దాచుకున్న డబ్బులు అలా పోయాయి.

మరునాడు వెళ్ళి "అన్నా, నువ్వు పాడైపోయింది ఇచ్చావు" అన్నాను. ఆయన నవ్వి, "అది పాడైంది కాదు తమ్ముడూ, నువ్వు పాడు చేశావు. రెసిస్టరు పెట్టావా?" అని అడిగాడు. నాకు ఎలక్ట్రానిక్స్‌లో మొదటి పాఠం అదే.

ఎల్.ఇ.డి. మామూలు బల్బు లాంటిది కాదు. అది ఒక డయోడు. కరెంటు ఒక వైపు నుంచే పోనిస్తుంది. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. వోల్టేజి ఒక హద్దు దాటే దాకా దాదాపు కరెంటు పోదు. దాటిన తరువాత వోల్టేజి కొంచెం పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. ఆపేది ఏదీ లేకపోతే లోపలి చిప్ వేడెక్కి మాడిపోతుంది. ఆపే పనికే రెసిస్టరు.

ఎంత రెసిస్టరు పెట్టాలో మన పదో తరగతి ఓమ్ నియమంతోనే లెక్క కట్టవచ్చు. నాలుగు పెన్సిల్ సెల్లు వరుసగా పెడితే 6 వోల్టులు. ఎర్ర ఎల్.ఇ.డి. తన కోసం దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 4 వోల్టులు రెసిస్టరు మీద పడాలి. దీపానికి 12 మిల్లీ ఆంపియర్లు చాలు, అంటే 0.012 ఆంపియరు. 4ను 0.012తో భాగిస్తే 333 ఓమ్‌లు. షాపులో దొరికేది 330 ఓమ్‌లు, అది సరిపోతుంది. పరీక్షలో మార్కుల కోసం చేసిన లెక్క చేతిలో దీపాన్ని కాపాడుతుందని అప్పుడే తెలిసింది.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

చాలామంది ఎర్ర ప్లాస్టిక్ తొడుగు వల్ల ఎర్రగా వెలుగుతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నీళ్ళలాంటి తెల్లని తొడుగు ఉన్న ఎల్.ఇ.డి. కూడా ఎర్రగా వెలగగలదు. రంగు లోపలి చిప్‌లో ఉంది.

ఆ చిప్ అర్ధవాహకంతో చేసింది. అందులో ఒక వైపు ఎలక్ట్రాన్లు ఎక్కువ. రెండో వైపు ఎలక్ట్రాన్లు ఉండాల్సిన చోట ఖాళీలు ఎక్కువ. వాటిని రంధ్రాలు అంటారు. కరెంటు ఇచ్చినప్పుడు ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగి రంధ్రంలో పడుతుంది. దిగినప్పుడు విడిచే శక్తే కాంతిగా బయటకు వస్తుంది. మెట్టు ఎత్తు ఎంత అన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది. మెట్టు చిన్నదైతే ఎరుపు. కొంచెం పెద్దదైతే ఆకుపచ్చ. ఇంకా పెద్దదైతే నీలం. అందుకే ఎర్ర దీపానికి 2 వోల్టులు సరిపోతే నీలి దీపానికి 3 వోల్టులు కావాలి. వాడిన రెండు సెల్లతో ఎర్ర దీపం వెలుగుతుంది గానీ నీలిది సరిగ్గా వెలగదు. కారణం ఇదే.

కంటికి కనబడే ఎర్ర ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అనే శాస్త్రవేత్త చేశారు. బాగా వెలిగే నీలి దీపం కోసం ప్రపంచం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ రోజు మన స్టడీ హాలులో వెలిగే తెల్లని ఎల్.ఇ.డి. బల్బు వెనక ఉన్నది ఆ నీలి దీపమే. నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మార్చే పొడి పూస్తారు. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనబడతాయి.

ఒక దీపం రంగు మార్చడం ఎలా?

ఒక చిప్ ఒక రంగే ఇస్తుంది. మరి రంగు మారే దీపం ఎలా? ఒకే తొడుగులో రెండు చిప్‌లు పక్కపక్కన పెడతారు. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. దీనికి మూడు కాళ్ళు ఉంటాయి. సాధారణంగా మధ్య పొడుగు కాలు రెండింటికీ కలిపి మైనస్. పక్క కాళ్ళు ఒకటి ఎరుపుకు ప్లస్, ఒకటి పచ్చకు ప్లస్. కొన్నింటిలో మధ్య కాలు ప్లస్ కూడా కావచ్చు, కాబట్టి కొనేటప్పుడు "మధ్యది మైనస్ ఉన్నది ఇవ్వండి" అని అడగండి.

ఎరుపు కాలుకు కరెంటు ఇస్తే ఎరుపు. పచ్చ కాలుకు ఇస్తే పచ్చ. రెండింటికీ ఇస్తే? పసుపు! పసుపు చిప్ అందులో లేనే లేదు. మన కంటి వెనక పొరలో రంగులు గుర్తించే శంకు కణాలు మూడు రకాలు ఉంటాయి. నిజమైన పసుపు కాంతి పడితే వాటిలో రెండు రకాలు కలిసి స్పందిస్తాయి. ఎరుపు, పచ్చ కాంతులు కలిసి పడినా ఆ రెండు రకాలే స్పందిస్తాయి. మెదడుకు తేడా తెలియక పసుపు అనుకుంటుంది. డ్రాయింగు రంగులు కలిపితే ఇలా రాదు, మట్టి రంగు వస్తుంది. కాంతి కలవడం వేరు, రంగు పొడులు కలవడం వేరు.

అంటే ఒక దీపంతో మూడు కబుర్లు చెప్పవచ్చు. ట్యాంకు ఖాళీ అయితే ఎరుపు, సగం ఉంటే పసుపు, నిండితే పచ్చ.

కావలసిన సామాను

మూడు కాళ్ళ ఎరుపు-పచ్చ ఎల్.ఇ.డి. ఒకటి. బి.సి.547 ట్రాన్సిస్టర్లు మూడు. 680 ఓమ్‌ల రెసిస్టరు ఒకటి, 330 ఓమ్‌లది ఒకటి, 1000 ఓమ్‌లవి రెండు, 10,000 ఓమ్‌లది ఒకటి. నాలుగు పెన్సిల్ సెల్లు, అవి పెట్టే డబ్బా. కాలింగ్ బెల్‌కు వాడేలాంటి నొక్కుడు స్విచ్ ఒకటి. తొడుగు ఉన్న సన్న వైరు. మొదట నీళ్ళ మగ్గుతో పరీక్షించుకోవడానికి బ్రెడ్‌బోర్డు ఉంటే మంచిది, సోల్డరింగు అక్కర్లేదు. మా రోజుల్లో బ్రెడ్‌బోర్డు మాస్టారు బడి నుంచి తెచ్చి ఇచ్చారు. మిగతావన్నీ కలిపి వంద రూపాయల లోపే అయ్యాయి.

రెసిస్టరు మీద రంగు గీతలే దాని విలువ. 680కి నీలం, బూడిద, గోధుమ. 330కి నారింజ, నారింజ, గోధుమ. 1000కి గోధుమ, నలుపు, ఎరుపు. 10,000కి గోధుమ, నలుపు, నారింజ. నాలుగో గీత ఎక్కువగా బంగారు రంగులో ఉంటుంది, దాన్ని కుడి చేతి వైపు పెట్టుకుని చదవాలి.

ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్ళు. చదునైన ముఖం మీ వైపు, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. బేస్‌కు చిటికెడు కరెంటు ఇస్తే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు దానికి వంద రెట్లు, ఇంకా ఎక్కువ కరెంటు పోవడానికి దారి తెరుచుకుంటుంది. నీళ్ళ గుండా వచ్చే కరెంటు చాలా తక్కువ, దానితో దీపం వెలగదు. కానీ ట్రాన్సిస్టర్ బేస్‌కు అది చాలు.

కలపడం

ఇక్కడ తొందరపడకుండా ఒక్కొక్కటే చదివి కలపండి. మూడు ట్రాన్సిస్టర్లకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుకుందాం.

1. మూడింటి ఎమిటర్లు, దీపం మధ్య కాలు బ్యాటరీ మైనస్‌కు కలపండి.

2. ప్లస్ నుంచి 680 ఓమ్‌ల రెసిస్టరు గుండా దీపం ఎరుపు కాలుకు. అదే కాలుకు ఒకటో ట్రాన్సిస్టర్ కలెక్టర్.

3. ప్లస్ నుంచి 330 ఓమ్‌ల రెసిస్టరు గుండా దీపం పచ్చ కాలుకు. అదే కాలుకు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్.

4. ప్లస్ నుంచి 10,000 ఓమ్‌ల రెసిస్టరు గుండా రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కు. అదే బేస్‌కు మూడో ట్రాన్సిస్టర్ కలెక్టర్.

5. ట్యాంకులోకి మూడు వైర్లు. అడుగు వైరు నేరుగా ప్లస్‌కు. సగం ఎత్తు వైరు 1000 ఓమ్‌ల రెసిస్టరు గుండా మూడో ట్రాన్సిస్టర్ బేస్‌కు. అంచుకు నాలుగు వేళ్ళ కింద ఉండే పై వైరు ఇంకో 1000 ఓమ్‌ల రెసిస్టరు గుండా ఒకటో ట్రాన్సిస్టర్ బేస్‌కు.

6. బ్యాటరీ ప్లస్‌కు, మిగతా సర్క్యూటుకు మధ్యలో నొక్కుడు స్విచ్. అంటే పైన ప్లస్ అని చెప్పిన చోట్లన్నీ స్విచ్ తరువాతే.

ఇది ఎలా పనిచేస్తుందో మా నాన్న చేసే పనితో చెబుతాను. నాన్న చేలో నీళ్ళు కట్టేటప్పుడు మడవ తిప్పుతాడు. కాలువలో నీళ్ళు వస్తూనే ఉంటాయి. మడవ తెరిస్తే నీళ్ళు అటు పల్లానికి పోతాయి, ఈ మడి ఎండుతుంది. మడవ మూస్తే ఈ మడి పారుతుంది. ఇక్కడ దీపం చిప్ మడి. ట్రాన్సిస్టర్ మడవ. రెసిస్టరు గుండా కరెంటు వస్తూనే ఉంటుంది. ట్రాన్సిస్టర్ తెరుచుకుంటే కరెంటు అటు నుంచి మైనస్‌కు పోతుంది, దీపం ఆరుతుంది. ట్రాన్సిస్టర్ మూసుకుంటే దీపం వెలుగుతుంది.

ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒకటో మడవ మూసి ఉంటుంది, ఎరుపు వెలుగుతుంది. రెండో మడవ 10,000 ఓమ్‌ల రెసిస్టరు వల్ల తెరిచే ఉంటుంది, పచ్చ ఆరి ఉంటుంది. కనబడేది ఎరుపు.

నీళ్ళు సగానికి రాగానే అడుగు వైరు నుంచి నీళ్ళ గుండా సగం వైరుకు కరెంటు వస్తుంది. మూడోది తెరుచుకుని, రెండో దాని బేస్‌కు వెళ్ళే కరెంటును తను లాగేసుకుంటుంది. రెండోది మూసుకుంటుంది. పచ్చ కూడా వెలుగుతుంది. ఎరుపు, పచ్చ కలిసి పసుపు.

నీళ్ళు పై వైరుకు తగలగానే ఒకటోది తెరుచుకుంటుంది. ఎరుపు ఆరిపోతుంది. మిగిలేది పచ్చ. మోటారు ఆపవచ్చు.

మొదటిసారి మగ్గులో నీళ్ళు పోస్తూ ఎరుపు పసుపై, పసుపు పచ్చ కావడం చూసినప్పుడు మా రూములో పదకొండు మందిమి అరిచిన అరుపుకు వంట మాస్టారు గరిటెతో పరుగెత్తుకొచ్చారు.

తేడా వస్తే

అసలు వెలగకపోతే సెల్లు, దీపం మధ్య కాలు, స్విచ్ చూడండి. నీళ్ళు ఉన్నా ఎప్పుడూ ఎరుపే ఉంటే అడుగు వైరు తెగి ఉంటుంది. నిండినా పసుపు దగ్గరే ఆగిపోతే పై వైరు, ఒకటో ట్రాన్సిస్టర్ చూడండి. వైరు కొసలు రెండూ చేత్తో కలిపి చూస్తే తప్పు నీళ్ళలో ఉందో, సర్క్యూటులో ఉందో తెలిసిపోతుంది. పసుపు బదులు నారింజ కనబడితే ఎరుపు వెలుగు ఎక్కువైందని అర్థం. 680 బదులు 1000 ఓమ్‌లది పెట్టండి. క్యాన్ నీళ్ళతో పరీక్షిస్తే సరిగ్గా పనిచేయకపోవచ్చు, వాటిలో లవణాలు తక్కువ. బోరు నీళ్ళలో బాగా పనిచేస్తుంది.

మేము చేసిన ఒక తప్పు చెబుతాను. మొదట నొక్కుడు స్విచ్ పెట్టలేదు. రాత్రీ పగలూ కరెంటు పోతూనే ఉండేది. మూడు వారాలకు దీపం పచ్చ కావడం మానేసింది. వైర్లు తీయించి చూస్తే ప్లస్ వైరు రాగి కొస తినేసినట్టు సన్నబడి, ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. అది విద్యుద్విశ్లేషణ. పుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పాఠమే ట్యాంకులో జరుగుతోంది. అప్పుడు కొసలకు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు బిగించి, నొక్కినప్పుడే కరెంటు పోయేలా స్విచ్ పెట్టాం. సెల్లు కూడా చాలా కాలం వచ్చాయి. ఇది స్నానాల ట్యాంకుకు మాత్రమే. తాగే నీళ్ళలో వైర్లు పెట్టకండి.

ఇంకో మాట. ఇదంతా సెల్లతోనే చేయండి. గోడ ప్లగ్గులోని 230 వోల్టులకు, మోటారు స్టార్టరుకు దీన్ని కలపవద్దు. ట్యాంకులో వైర్లు దించడానికి మీరు నిచ్చెన ఎక్కవద్దు. వార్డెన్ గారు మాకు ప్లంబరును పిలిపించారు, మీరూ అడగండి. పిల్లలు పైకి ఎక్కకూడదనే కదా ఇది మొదలుపెట్టింది.

ఆ పిల్లవాడికి కనబడని రంగు

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. సైన్స్ ఫెయిర్‌లో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ ఇప్పటికీ మా ఇంట్లో గోడకు ఉంది. చెయ్యి విరిగిన పిల్లవాడి కట్టు విప్పారు. వాడి మీద ప్రేమతో దీపం చూసి మోటారు ఆపమని చెప్పే పని వాడికే అప్పగించాను.

వారంలో రెండుసార్లు ట్యాంకు పొర్లింది. వార్డెన్ గారు కోప్పడ్డారు. నేను ఇంకా ఎక్కువ కోప్పడ్డాను. "దీపం పచ్చగా అయితే కనబడదా? నిద్రపోతున్నావా?" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా "అన్నా, నువ్వు రంగు మారుతుందంటావు. నాకు అది మారదు. వెలుగు కొంచెం ఎక్కువ తక్కువ అవుతుంది, అంతే" అన్నాడు.

వాడు సాకు చెబుతున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం మెస్‌లో పచ్చిమిరపకాయలు, పండుమిరపకాయలు కలిపిన బుట్ట ఉంటే విడదీయమన్నాను. వాడు కాయ కాయనూ నొక్కి చూస్తూ, గట్టిగా ఉన్నవి ఒక వైపు, మెత్తబడినవి ఒక వైపు వేశాడు. కంటితో చూసి వేయలేదు. సగం తప్పులు. నాకు నోట మాట రాలేదు.

మాస్టారు వాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉన్న పుస్తకం చూపించి పరీక్షించారు. జపాన్ డాక్టరు ఇషిహారా 1917లో తయారుచేసిన పరీక్ష అది. వాడికి ఎరుపు, పచ్చ తేడా తెలియదని తేలింది. కంటి శంకు కణాల్లో పుట్టుకతో వచ్చే తేడా ఇది. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఆ క్రోమోజోము ఒకటే కాబట్టి వాళ్ళలోనే ఎక్కువగా కనబడుతుంది. చూపు మందగించడం కాదు, చదువుకు అడ్డం కాదు. చాలామందికి తమకు ఉందనే తెలియదు.

వాడు పచ్చి మిరపకాయ తెమ్మంటే పండుది తెస్తే అందరం నవ్వాం. మ్యాపులో రంగులు తప్పు వేస్తే మొద్దు అన్నాం. వాడి కోసమని నేను చేసిన దీపం వాడితో మాట్లాడనే లేదు. అందరి కళ్ళూ నా కళ్ళలాంటివే అనుకుని చేశాను.

సరిచేయడం మాత్రం చాలా తేలిక. మూడు కాళ్ళ దీపం తీసేసి, విడిగా ఒక ఎర్ర ఎల్.ఇ.డి., ఒక పచ్చ ఎల్.ఇ.డి. పెట్టాం. రెండింటి పొట్టి కాళ్ళు కలిపి మైనస్‌కు ఇస్తే సర్క్యూటులో ఇంకేమీ మార్చక్కర్లేదు. చెక్క మీద ఎరుపు కింద, పచ్చ పైన బిగించాం. కింది దీపం ఒక్కటే వెలిగితే నీళ్ళు కిందికి ఉన్నాయి. రెండూ వెలిగితే సగం. పైది ఒక్కటే వెలిగితే నిండింది. రంగు తెలిసినవాడు రంగు చూస్తాడు, తెలియనివాడు చోటు చూస్తాడు. రోడ్డు మీద నిలువు సిగ్నల్ స్తంభంలో ఎరుపు ఎప్పుడూ పైనే ఉంటుంది, గమనించండి. రంగు తెలియనివారికి ఆ చోటే గుర్తు.

ఆ తరువాత వాడి డ్యూటీలో ట్యాంకు ఒక్కసారి కూడా పొర్లలేదు.

తమ్ముళ్ళకు ఒక మాట

మీలో ఎవరికైనా రంగులు తికమక అవుతుంటే సిగ్గుపడకండి. మాస్టారికో, వార్డెన్ గారికో చెప్పి ఆసుపత్రిలో చూపించుకోండి. రైలు నడిపే ఉద్యోగం లాంటి కొన్నింటికి రంగుల పరీక్ష ఉంటుంది. సంవత్సరాల తరబడి చదివి, రాత పరీక్ష పాసై, చివర్లో మెడికల్‌లో తెలిస్తే ఆ బాధ పెద్దది. ముందే తెలిస్తే దారి మార్చుకోవచ్చు. దారులు చాలా ఉన్నాయి. వాడికీ చిన్నప్పుడు రైలు నడపాలని ఉండేది. తెలిశాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతూ లెక్కల టీచరు కావాలనుకుంటున్నాడు. ఈ వ్యాసంలో తన సంగతి రాయనా అని అడిగితే "పేరు వద్దన్నా, మిగతాదంతా రాయి. మిరపకాయల సంగతి కూడా రాయి" అన్నాడు.

నిచ్చెన సంగతి ఇన్నేళ్ళకు పోయిన సంక్రాంతికి వాళ్ళ ఊరు వెళ్ళి వాళ్ళ అమ్మకు చెప్పాను. "నాకు అప్పుడే తెలుసు నాయనా, స్తంభం చాటున నిలబడి ఏడ్చింది నువ్వే కదా" అంది. పెరుగన్నం పెట్టి పంపింది.

ఎలక్ట్రానిక్స్ ఖరీదైన చదువు అని భయపడకండి. కొద్దిపాటి సామానుతో, ఓమ్ నియమంతో మొదలవుతుంది. ఒకటి రెండు దీపాలు కాలిపోతాయి, కాలనివ్వండి. కాని మీరు ఏది తయారుచేసినా, అది ఎవరి కోసమో వాళ్ళ చేతికే ముందు ఇవ్వండి. వాళ్ళకు ఎలా కనబడుతోందో అడగండి. నాకు ఎం.ఎస్సీ.లో ఎవరూ చెప్పని పాఠం అది. మన హాస్టల్ మేడ కింద, మోటారు స్విచ్ పక్కన నేర్చుకున్నాను.

 సర్క్యూటు చేసేటప్పుడు సందేహం వస్తే వార్డెన్ గారి దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక చేయండి, తప్పకుండా మాట్లాడతాను.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఎలక్ట్రానిక్స్)